మడతబందు

నా పిడికిలి ఎంతో
ఎప్పుడూ తూకమెయ్యలేదు.
ఎసరు మరిగే లోపల
చేటలోంచి ఒక పిడికెడు తీసి
డాల్డా డబ్బాలో వేస్తా,
పొద్దున ఒకటి, మాపు ఒకటి.
మా అత్త దీనమ్మ నేర్పింది:
"బిగించి తియ్యి.
వదులు పిడికిలి దేవునికి తెలిసిపోతాది."

మొదట్లో
మేం సోనా తిని
డబ్బాలో స్టోరు బియ్యం వేసేదాన్ని.
ఆదివారం గుడిలో దుప్పటి పరిచి
అందరివీ కుమ్మరిస్తే
సన్నటి తెలుపు మీద
లావుగా, పసుపుగా
నా గింజలు నాకే కనపడ్డాయి.
ఎవరూ ఏమీ అనలా.
పాడుతున్న పాట మాత్రం
నా నోట్లో ఆగిపోయింది.

ఆ కుప్పను ఉసేనప్ప వేలంలో పాడుకుంటాడు.
"ఇన్ని రకాలు కలిస్తే ఎవురు కొంటారు?" అంటూనే
అంగడి ధర మీద రెండు రూపాయలు ఎక్కువే పెడతాడు.

హంద్రి మా వాకిట్లోకి వచ్చిన రాత్రి
బడి మిద్దె ఎక్కినాం.
రెండు పగళ్ళు, మూడు రాత్రులు.
కింద నీళ్ళలో
మా ఇంటి రేకు ఒకటి
గిర్రున తిరుగుతూ పోతుంటే
దాని మీది సున్నపు చారను బట్టి
మాదేనని గుర్తుపట్టా.
పిలిస్తే ఆగుతుందా రేకు.

తర్వాత గట్టు మీద
ఒక గది, ఒక వసారా ఇచ్చారు.
ఎవరిచ్చారో, ఏ దేశమో,
వాళ్ళ గుడిలో చందాపళ్ళెం ఎట్లుంటాదో.
బేల్దారి దస్తగిరి
శుక్రవారం కూలి ముట్టలేదు.
"జకాతు ఇచ్చేంత నాకు యాడిదక్కా,
ఖైరాతు అనుకో."
గుమ్మం పక్కన ఒక రాయి అతికించాడు,
మాకెవరికీ రాని అక్షరాలతో.

తొమ్మిదేళ్ళకు నా మనవరాలు
మెడ వంచి, ఇంకా వంచి చూసి
"అవ్వా, ఇది తలకిందులుగా ఉంది" అనింది.
దస్తగిరికి చెబితే
పీకితే గోడ పగులుతుందన్నాడు
నేల చూస్తూ.
ఉండనీలే అన్నా.
ఇచ్చినోళ్ళ పేర్లు కూడా
నేలనే చూస్తున్నాయి మరి.

పోయినేడు అయ్యగారు చెప్పినాడు,
సముద్రాల అవతల భూమి కదిలి
ఊళ్ళకు ఊళ్ళు కూలినాయని,
మన బియ్యం డబ్బు ఈసారి అక్కడికని.
"మన దాంతో ఎంత ఇల్లు వస్తాదయ్యగారూ?"
లెక్కపుస్తకం మూసి
కాసేపు ఆలోచించి అన్నాడు:
"ఇల్లు రాదు సువార్తమ్మా.
ఒక తలుపుకు మడతబందులు వస్తాయేమో."

మడతబందులు!
ఆ మాట కొంగున కట్టుకొని ఇంటికొచ్చి
నా తలుపు పదిసార్లు తీసి, వేసి చూశా.
కిర్రుమనే చోట
రెండు ఇనుప రెక్కలు, నడుమ ఒక చువ్వ.
గాలికి, కుక్కకు, తాగుబోతుకు
ఇది ఇల్లు అని చెప్పేది అదే.
ఇన్నేళ్ళూ దానికి
ఒక నూనె చుక్కన్నా వెయ్యలేదు నేను.

ఒకటి చెప్పకుండా దాచుకున్నా.
మా ఆయన నడుము పడిపోయిన ఎండాకాలం
డబ్బాలోంచి మూడు పిడికిళ్ళు వెనక్కి తీశా.
తర్వాత నాలుగు వేశా.
వడ్డీ కాదది, భయం.
ఆ మూడూ ఆ తలుపులో
ఏ మేకుకు తగ్గినాయో.

మొన్న అయ్యగారి ఫోనులో ఫొటో వచ్చింది.
నీలం గోడ.
ఒకామె, చంకలో పిల్ల,
ఎండకు కళ్ళు చికిలించి.
వెనక తలుపు లోపలికి బార్లా తెరిచి ఉంది.
మడతబందు కనపడలా.
ఆయన వేళ్ళతో పెద్దది చేసి చూపించాడు,
గదిలోని చీకటి పెద్దదయింది, అంతే.
గోడ మీద రాయి ఉందేమోనని వెతికా.
లేదు.
మంచిదే అయింది.

ఈ మాపు ఆ నీలం గోడే తలలో తిరిగి
పిడికెడు తియ్యకముందే
బియ్యం కడిగేశా.
తడిలోంచే తీసి
పాత పేపరు మీద ఆరబోశా.
చీమలు పట్టకుండా
చుట్టూ పసుపు గీత గీశా.
తెల్లారి డబ్బాలో వెయ్యాల.