టపాకాయలు మానిన వారం

మేత కంపెనీ వాళ్ళు టార్గెట్టు దాటినోళ్ళకి
ఓడ టూరు ఇచ్చారు. చెన్నైలో ఎక్కితే ఐదు రాత్రులు.
మిగతా రైతులు ఓడలో పేకాట గురించి గుసగుసలాడుకుంటా ఉంటే
నేను నెల్లూరు ట్రంకు రోడ్డులో
కాలేషా స్టూడియో మెట్లెక్కినా.
అతని పాత కెమెరా, మోచేతి పొడుగు లెన్సు
ముప్పై ఎనిమిది వేలకి తెగింది.

"పెళ్ళికూతురు ఆగమంటే ఆగుద్దన్నా.
నీళ్ళ మీద పిట్ట ఆగదు, కాళ్ళ కింద ఓడ ఆగదు.
నీ ఊపిరన్నా ఆపుకో" అన్నాడు.

సుభాషిణి పాత దిండు గలీబులో
రెండు కేజీల మొలగొలుకులు పోసి మూతి కుట్టింది,
ఓడ కమ్మీ మీద లెన్సు ఆనించేదానికి.
"పిట్టలు దొరక్కపోతే వండుకు తిందాం."
చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్ల గుళికల పొట్లాలు పోగేసింది,
ఉప్పుగాలికి ఎప్పుడో లాడ్జీలో ఇచ్చిన స్నానం టోపీ తీసిపెట్టింది.
వాంతుల బిళ్ళలు. నిమ్మకాయలు, ఆరు.

మైపాడులో వల కుట్టుకునే పామంజి గోవిందుని అడిగితే
తలెత్తకుండానే చెప్పాడు:
"పిట్టలు గుంపుగా పడే చోటు చూడు.
కింద చేప ఉంటది, చేప కింద ఇంకోటి ఉంటది.
అది లేచినాక చూస్తే ఏం లాభం?"

ఓడ ఊపు అలవాటయ్యేదానికి
ట్రాక్టరు తొట్టిలో నిలబడ్డా.
పోలేరయ్య కాలవ గట్టు గుంతల మీద తోలాడు.
ఆ రోజు దొరికినవి: సగం తాటిచెట్టు,
నా బొటనవేలు, చాలా ఆకాశం.

ఇంక పిట్టలు.

ఇరవై రెండేళ్ళుగా గంగపట్నంలో
నా గుంట మీద పిట్ట వాలితే నష్టమే.
నీటికాకి పూటకి ఎన్ని రొయ్యలు మింగుద్దో
నిద్రలో లేపినా లెక్క చెప్తా.
దారాలు కట్టించా, పాత క్యాసెట్ల టేపులు కట్టించా,
గాలికి అవి ఈలలేస్తా ఉంటే నిద్రపోయా.
తెల్లారుజామున పోలేరయ్య టపాకాయ.
మా గట్టు మీద దీపావళి ఏడాది పొడుగూతా.

ఇప్పుడు కెమెరా పట్టుకుని కూర్చుంటే
ఒక్కటీ రాదు.
పక్కోళ్ళ గుంట మీద తిరిగి
నా గట్టు దాకా వచ్చి, మళ్ళిపోతాయి.
హద్దురాయి నాకంటే వాటికే బాగా తెలుసు.

"పోలేరయ్యా, ఒక వారం పేల్చబాక."
వాడు నా మొహం వంక చూశాడు, జరమేమో అని.

మూడు రోజులు నీళ్ళు, మబ్బు, ఏరేటరు నురగ.
నాలుగో రోజు ఒక కొంగ, దూరంగా, నమ్మకం లేకుండా.
ఐదో పొద్దు
మోటారు పెట్టె మీద నీటికాకి
తడిసిన రెక్కలు రెండూ చాపి ఆరేసుకుంటా ఉంది,
దండెం మీద నల్ల గొడుగు మాదిరి.
ఊపిరి ఆపినా. నొక్కినా.

పెద్దది చేసి చూస్తే దాని కన్ను పచ్చగా ఉంది.
పచ్చంటే ఆకుపచ్చ కాదు, గాజుపెంకుని
ఎండలో పెట్టినప్పటి పచ్చ.
ఇరవై రెండేళ్ళు. నాకు తెలవదు.

రెండో ఫోటోలో దాని నోట్లో నా రొయ్య ఉంది.
ముప్పై కౌంటుది. మీసాలు కూడా స్పష్టంగా వచ్చాయి.
కాలేషాకి పంపిస్తే
"ఫోకస్సు బాగుందన్నా" అన్నాడు. అంతే.

రాత్రి ఓడ ఖర్చుల కాగితంలో
లెన్సు కింద ఇంకో వరస రాసుకున్నా:
నీటికాకులు, వారం, సుమారు పదకొండు కేజీలు.
సుభాషిణి చదివి, ఏమీ అనకుండా,
కాగితాన్ని మడిచి బియ్యం సంచి పక్కన పెట్టింది.

రేపు పొద్దున్నే చెన్నై బండి.
పోలేరయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు,
చేతిలో షెడ్డు తాళంచెవి. టపాకాయల పెట్టె ఆ షెడ్డులోనే ఉంది.
"మీరు పోయినాక పేల్చేదా, మానేదా?"

బ్యాటరీ చార్జింగుకి పెడతా
వినబడనట్టు ఉన్నా.
ఎర్రలైటు వెలిగింది.
వాడు ఇంకా నిలబడే ఉన్నాడు.