రెండు పక్షాలు

లారీ దిగిన సంచి
ముందు నా కాటా మీదే కూర్చుంటుంది.
ఎనభై కిలోలు, పైన కొంత చిల్లర.
ఆ చిల్లరలో ఎర్రమట్టి ఉంటుంది,
సముద్రపు చెమ్మ ఉంటుంది,
కావాలనే కలిపిన గులకరాళ్లుంటాయి.
ఏరి పక్కన పెడతాను, షావుకారుకి చూపించాలని.
"మన బియ్యం బస్తాల్లో రాళ్లుండవేటి?"
అంటుంది కొర్ల దాలమ్మ,
తొక్కుడు మిషను ఆపకుండానే.

సంచి మీద చెరిగిన నీలం అక్షరాలు.
కొటొనూ, అని కూడబలుక్కుంటాను.
మిగతాది ఏ భాషో.
గోనె మాత్రం మనదే.
ఆ పీచు వాసన నెల్లిమర్ల వైపు పుట్టినవాణ్ణి
నేను గుర్తుపట్టలేనా.

పలాసలో పొద్దున్నే పొగగొట్టాలు లేస్తాయి.
ఊరంతా జీడి కమురు.
ఇవాళ టీ కొట్టు నుంచి బజ్జీలు చుట్టొచ్చిన పేపర్లో
నూనె మరక కింద ఒక వార్త:
ఆ దేశంతో మన ద్వైపాక్షిక వాణిజ్యం పెరిగిందని.
ఎన్ని కోట్లో, ఆ అంకె మీద ఉల్లిపాయ అంటుకుంది.
పైకి చదివాను.

"ద్వైపాక్షికమంటే?"
రెండు పక్షాలదీ, అన్నాను.
"పచ్చానికోపాలి మన కూలిడబ్బులిత్తారు, అదా?"
అది కాదే. ఇటు పక్క మనం, అటు పక్క వాళ్లు.
"ఆళ్లు పిక్కలంపుతున్నారు. మనమేటంపుతన్నాం?"
నూకలు. కాకినాడ రేవు నుంచి, ఓడలకోడలు.

మిషను ఆగింది.
"అయితే బాబూ,
ఆళ్లకి భూమ్మీద నూకలుండడం
మన సేతిలో ఉందన్నమాట!"
షెడ్డంతా నవ్వింది.
దాలమ్మే ముందు మానేసింది.
"మరి మన నూకలో?"

నా ఖాతా పుస్తకంలో రెండే గళ్లు.
వచ్చింది. వెళ్లింది.
వాళ్లు పగలని పిక్క పంపుతారు, ఇక్కడ పగలగొడతాం.
మనం పగిలిన గింజ పంపుతాం,
అక్కడెవరో గంజి కాచి అతుకుతారు.
పుస్తకం ప్రకారం బాకీ ఎవరికీ లేదు.
సాయంత్రం గేటు దగ్గర
నలభైమంది ఆడవాళ్లు కొంగులు దులిపి చూపిస్తారు.
ఒక్కో పప్పూ విదియ చంద్రుడిలా ఉంటుంది,
ఏ పక్షంలోనూ వాళ్లింటి మీద పొడవడు.
ఆ దులిపింపుకీ
నా పుస్తకంలో గడి లేదు.

గోనెల బేరానికొచ్చిన టెక్కలి తవుడు ఒక మాట మోసుకొచ్చాడు.
ఇక మీదట పిక్క పంపరట,
వాళ్ల ఊళ్లోనే కొట్టుకుంటారట.
ఎవరూ మాట్లాడలేదు.
పెంకు నూనె తొట్టిలోకి బొట్టు పడిన చప్పుడు.
వరహాలు అనే పిల్ల, చేరి నెల కాలేదు,
"మరి మనం?" అంది.
దానికి జవాబు షావుకారు దగ్గరా లేదని
నాకు తెలుసు.

దాలమ్మ చేతులు చూసుకుంది.
గోళ్ల సందుల్లో ముప్పై ఏళ్ల నలుపు.
"ఆ ఆడోళ్లకి బుగ్గి రాసుకోడం తెల్సో లేదో.
మొదటి వారం తోలు ఊడిపోద్ది.
ఖాళీ సంచి మీద రాత్తావేటి బాబూ,
సేతులకి బుగ్గి రాసుకోమని."

నాకా భాష రాదే.

"సెయ్యి బొమ్మ ఎయ్యలేవా?"

సంచులకి నంబరు వేసే నల్లరంగు తీసి
ఒక చెయ్యి గీశాను.
ఆరు వేళ్లొచ్చాయి, కంగారులో.
దాని మీద దాలమ్మ గుప్పెడు బుగ్గి రుద్ది
రంగులోకి అదిమింది.

తవుడు కట్ట కట్టి సైకిలెక్కించాడు.
అది మిల్లుకి చేరుతుందో,
నూకలు నింపుకుని ఓడెక్కుతుందో,
ఇచ్ఛాపురం సంతలో ఉల్లిపాయల కింద పరుచుకుంటుందో.
అయినా పుస్తకం తెరిచాను.
వెళ్లింది, అన్న గడిలో
సంచులు నూటపన్నెండు అని రాసి,
కాస్త ఆగి,
చెయ్యి ఒకటి, అని రాశాను.