పదకొండుకీ పన్నెండుకీ మధ్య

ఎముక విరగలేదు, సంతోషించు, అంది డాక్టర్ నాతెలా.
విరిగితే కనీసం ఎక్స్‌రేలో కనబడేది.
ఇది మెత్తని చోట, లోపలెక్కడో,
తడిగుడ్డ పిండినట్టు మెలిపడ్డ కండ.
ఆరు వారాలు, అంది. పొయ్యి దగ్గరికి వెళ్లావో
ఆరు నెలలు.

ముప్పై ఎనిమిదేళ్లు
బావి లాంటి మట్టిపొయ్యిలోకి నడుం దాకా వంగి
కాలే గోడకి పిండిని చరిచి అంటించిన చెయ్యి.
కుతాయిసిలో మా వీధి వీధంతా నన్ను
చెయ్యి తిరిగిన రొట్టెలవాడంటారు.
ఇప్పుడు తిరగనిది అదొక్కటే.

ఆ రోజు అంచు దగ్గర కాలు జారింది.
పొయ్యిలో పడకుండా నన్ను పట్టుకున్నది ఆ చెయ్యే,
కాబట్టి దాన్ని తిట్టలేను.

రాత్రుళ్లు కుర్చీలోనే నిద్ర.
నడుం వాలిస్తే భుజం కింద ఎవరో గులకరాయి పెడతారు.
మూడింటికి మెలకువ వస్తుంది, పిండి పిలిచినట్టు.
కింద బచానా పొయ్యి అంటిస్తాడు.
ద్రాక్షపుల్లల చిటపట, ఆ వెనకే వాసన.
ఒక్క నిమిషం ఎక్కువ ఉంచాడు, వెధవ.
దెబ్బ తగిలింది ముక్కుకి కాదు కదా.

తెల్లారాక రొట్టె పట్టుకొచ్చి
ఎలా ఉంది గురువుగారూ, అంటాడు.
కొస మాడింది అనబోయి
బాగుంది అంటాను.

చూడ్డానికొచ్చిన ప్రతివాడూ భుజం తట్టి ధైర్యం చెబుతాడు.
సరిగ్గా ఆ భుజమే.
గుమ్మడికాయల దొంగెవరని అడిగితే
తడుముకోవడానికైనా లేవని చెయ్యి,
ఈ ఊళ్లో నా అంత నిర్దోషి లేడు.

బల్ల మీదికి వంగి చేతిని వేలాడదీసి
గాల్లో చిన్న చిన్న సున్నాలు చుట్టమన్నారు.
అరవై ఆరేళ్లకి మళ్లీ అక్షరాభ్యాసం.
ఆ తర్వాత గోడ మీద వేళ్లతో నడక,
సాలీడులా, పైకి.

మా ఇంట్లో నున్నటి చెక్క వంటింటి గుమ్మమొక్కటే.
దాని మీద మాక్వాలా ఎత్తులున్నాయి.
ప్రతి పుట్టినరోజుకీ మడమలు ఆనించి నిలబెట్టి
నేను గీసిన పెన్సిలు గీతలు.
మొదటి వారం ఏడో ఏడు దాటాను.
తర్వాత తొమ్మిది. పది దగ్గర చెమటలు.
పదకొండు.

అక్కడ ఆగిపోయింది.

పదకొండుకీ పన్నెండుకీ మధ్య చిటికెన వేలంత ఎడం లేదు.
ఆ చలికాలం కరెంటు లేదు, గోధుమలు లేవు.
ఖాళీ సంచులు పట్టుకుని జనం చీకటితోనే వచ్చి
చల్లారిన నా పొయ్యి ముందు వరసకట్టేవాళ్లు.
తలుపు సందులోంచి చూస్తూ ఉండేవాణ్ణి.
దొరికిన కాస్త పిండీ ఆ వరసకే పోయేది.
రొట్టెలవాడి కూతురు ఆ ఏడాది పెరగలేదు.

వేళ్లు ఆ గీత చేరగానే
భుజంలో ఎవరో తలుపు మూస్తారు.
పద్నాలుగు రోజులు.
గడ్డకట్టిన బఠాణీల సంచి, మాత్ర, మళ్లీ ఆ తలుపే.

మాక్వాలా మినీబస్సు నడుపుతుంది, బాగ్దాతి రూటు.
మొదటి ట్రిప్పుకి ముందు వచ్చి
నాకు చొక్కా తొడిగి, తల దువ్వి, తిట్టి,
నా వేలికొస దగ్గర గీత గీసి తేదీ వేస్తుంది.
మడమలు ఆనించు నాన్నా, అంటుంది.

నిన్న ఆ రెండు గీతలకేసి చూస్తూ
పన్నెండుకి నేను మునివేళ్ల మీద లేచాను, అంది.
నువ్వు చూడలేదు.

చూశాను.

ఇవాళ ఇంకా వెలుగు రాలేదు.
చూపుడు వేలు, మధ్య వేలు, చూపుడు వేలు.
తలుపు మూసుకోలేదు.
పన్నెండు దాటి, పదమూడు వైపు ఒక అంగుళం.
పెన్సిలు బల్ల మీద ఉంది, అందదు.
చెయ్యి దించితే ఎవరూ నమ్మరు.
కింద రొట్టె ఈసారి మాడలేదు.
వీధి మలుపులో హారను వినబడేదాకా
అలాగే నిలబడ్డాను.