పంతొమ్మిదో గడి

ఓర్తా రేవులో, బోటు ఇంజన్లు బాగుచేసే షెడ్డు మీద
మా బ్యాండు వాళ్ళ అటక.
డీజిలు వాసనలో కూర్చుని
స్వరాలు అచ్చుకు కూరుస్తాను.

ట్యూనా కాలమంతా వాయించేవాళ్ళు సముద్రం మీదే.
ఎవరి వంతు వాళ్ళ ఫోనుకి పంపుతాను:
కాగితం బొమ్మ ఒకటి,
దాని వెంట కంప్యూటరు వాయింపు.

పడవలు తిరిగొచ్చాయి.
మరియమాత ఊరేగింపుకి పాత మార్చ్,
నెమ్మది నడకది.
ముప్ఫైమందిలో ఒక్కరూ తప్పలేదు,
ఒక్కరూ గుక్క తిప్పుకోలేదు.
ఎర్మెలిందు మాస్టారు చేతికర్ర కింద పెట్టేశాడు.
"దియోలిందా, వీళ్ళకి పాఠం చెప్పిందెవరు,
కుట్టుమిషనా?"

నా మిషనే.

ఆ రాత్రి నుంచి తప్పులు నేర్చుకోవడం మొదలుపెట్టాను.
ప్రతి స్వరం పక్కనా ఒక బలం అంకె: తొంభై.
ఒకే సోలతో కొలిచి పోసినట్టు, అన్నిటికీ తొంభై.
మొదటిదాన్ని నూట నాలుగు చేశాను,
రెండోదాన్ని డెబ్భై ఒకటి,
మూడోదాన్ని వెంట్రుకవాసి ఆలస్యంగా నిలబెట్టాను.
తాగినవాడిలా తూలింది. చెరిపేశాను.
నువ్వే చెయ్యి తప్పులు, అని కంప్యూటర్నే అడిగితే
రేకు మీద వడగళ్ళలా చల్లింది.
ఊరికే చేసిన తప్పు తప్పుగానే ఉంటుంది.
మనిషి తప్పు వెనక ఏదో బరువుంటుంది.

అప్పుడు గుర్తొచ్చాడు జుల్మీరు.
నలభై ఏళ్ళు యూఫోనియం ఊదినవాడు.
తిమింగలం నూనె కాచే పొగ
సగం ఊపిరి ముందే తినేసింది.
పంతొమ్మిదో గడిలో, మాట మధ్యలో తెగినట్టు,
గాలి చాలక ఆగేవాడు.
అతనికోసం బ్యాండంతా ఒక పిసరు ఆగేది.
విగ్రహం మోసేవాళ్ళ కాలు
నేలకి జానెడు పైన ఆగేది.
ఇది ఎవరూ ఎక్కడా రాయలేదు.

అచ్చులో కనపడని వరస ఒకటి తెరిచాను,
కాగితానికి తెలియనిది, చెవికి మాత్రమే.
అందులో చిటికెలో సగం మౌనం పెట్టాను.
దానికి ముందు బలం జారాలి:
ఎనభై, అరవై ఆరు, నలభై.
తర్వాతి స్వరం రవ్వంత తొందరగా రావాలి,
ఆలస్యమైనందుకు సిగ్గుపడ్డట్టు.
ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.
ఎప్పుడో కింద వెల్డింగు ఆగింది.
ఎవరో తలెత్తి అరిచారు:
"పైకి ఎవరొచ్చారు?"

ఇప్పుడు ఆ యూఫోనియం లియోకాదియాది.
పద్నాలుగేళ్ళ పిల్ల, చేపలా ఈదుతుంది,
ఊపిరికి కొదవ లేదు.
జుల్మీరు చచ్చిపోయాక పుట్టింది.
మొన్న ఊరేగింపులో, పంతొమ్మిదో గడిలో,
ఆగింది.
వెనక ముప్ఫైమందీ ఆగారు.
కాళ్ళు ఆగాయి.

మర్నాడు కాగితం పట్టుకుని అటకెక్కి వచ్చింది.
"ఇక్కడ ఆగమని లేదే?"
లేదన్నాను.
"మరి ఫోనులో ఆగుతుందేం? అచ్చుతప్పా?"

కాసేపు ఆలోచించాను.
"తప్పే," అన్నాను.
"దిద్దకు."