మాటకింత

కెమ్చి ఊరి తంతి ఆఫీసులో
మాటకింత అని ధర ఉండేది.
గోడకి చెక్కపలక, దానిమీద సుద్ద అంకెలు.
చిలోవే దీవి వానకి అవి చెమర్చేవి గాని
తగ్గేవి కావు.

నేను తంతులు మోసే కుర్రాణ్ణి. పదమూడేళ్ళు.
బల్ల వెనక ఎదువిహిస్ బర్రియా,
చెవిన పెన్సిలు.
జనం రాసుకొచ్చిన కాగితంలోంచి
దుంపల్లో పుచ్చులు ఏరినట్టు
మాటలు ఏరి అవతల పెట్టేది.
"'చాలా' ఎందుకు? జబ్బు అంటే సరిపోదా?
'దయచేసి' ఎందుకు? వాడు నీ తమ్ముడేగా."

ఎర్రసిరా ముద్ర ఒకటుండేది: అత్యవసరం.
దానికి రెండింతల రుసుం.
ముప్పై ఒక్క ఏళ్ళ కొలువులో
మొత్తం పదకొండుసార్లు కొట్టింది.
ఆ ముద్ర జేబులో పెట్టుకుని సైకిలెక్కితే
నా కాళ్ళు వణికేవి.
కుక్కలు కూడా మొరగడం మాని దారిచ్చేవి.

ఒక జూన్ నెల, పడవలు రేవు కదలని వారం,
ఓర్ఫెలినా అనే పడుచు వచ్చింది
తడిసిన ఉన్ని శాలువాతో,
గుప్పెట్లో ఐదు మాటల డబ్బుతో.
దక్షిణాన గొర్రెలు కాసే అన్నకి పంపాలట:

అమ్మ పోయింది. రావద్దు. తుఫాను. ప్రేమతో. ఓర్ఫెలినా.

ఎదువిహిస్ లెక్కపెట్టి, ఆరు, అంది.
ఒకటి తియ్యాలి.
నేను మనసులో 'ప్రేమతో' కొట్టేశాను.
అందరూ తీసేది దాన్నే.
అన్నకి ఆమాత్రం తెలీదా?
ఓర్ఫెలినా పెన్సిలు అడిగి తీసుకుని
తన పేరు కొట్టేసింది.
"ఇంకెవరు పంపుతారులే" అంది.

ఆ గదిలో ఇప్పుడు ఫోన్లకి తొడుగులమ్ముతున్నారు.
నాకు డెబ్బై ఒకటి.
బస్సులో వెనక సీటు పిల్ల
నవ్వలేక చచ్చిపోయింది,
గొడుగు మర్చిపోయి మళ్ళీ చచ్చిపోయింది,
దిగేలోపు మూడోసారి.
మా మనవడికి రొట్టె అద్భుతం, బూట్లు అద్భుతం.
నీలి తిమింగిలం మా పడవ పక్కనే
కొండంత లేచి ఊపిరి వదిలిన రోజు
వాడు నోరు తెరిచి, లోపల ఎంత వెతికినా ఏం దొరక్క,
"బానే ఉంది" అన్నాడు.
బ్యాంకు ఉత్తరం: అత్యవసరం.
పరుపుల కొట్టు కరపత్రం: అత్యవసరం, ఇవాళే ఆఖరు.
నా కాళ్ళు వణకడం మానేసి
ఎన్నేళ్ళయిందో.

ఇదంతా ఎదువిహిస్‌తో చెప్పుకుని ఏడవాలని
శనివారం సంతలో ఆమె పక్కన నడిచాను.
ఎనభై తొమ్మిదేళ్ళు.
చెవిన పెన్సిలు పోయి వినికిడి యంత్రం వచ్చింది.

చేపల ఆల్సిదెస్ ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ
నా ప్రాణమా అంటాడు.
నన్నంటాడు. పన్ను వసూలుకొచ్చినవాణ్ణంటాడు.
తూకంలో మోసం పట్టుకున్న పోలీసునీ అన్నాడు.
"నా ప్రాణమా, ఇవాళ ఆల్చిప్పలు తాజాగా ఉన్నాయి!"

చూశావా, అన్నాను.
ఓర్ఫెలినా తన పేరు అమ్ముకుని కొన్న సరుకు,
వీడు పొలుసులతో పాటు
కాలవలోకి ఊడ్చేస్తున్నాడు.

ఆమె వినలేదు. వేళ్ళు మడుస్తోంది.
"ఆరు" అంది.

ఒకటి తియ్యాలంటే?

"'తాజాగా' తీసెయ్. అబద్ధం."

కిలో తూయించింది. చిల్లరతో సహా లెక్కకట్టి ఇచ్చింది.
చెయ్యి ఊపి, వానలోకి వెళ్ళిపోయింది,
సంచీ బల్లమీదే వదిలి.

పిలవబోయాను. ఆల్సిదెస్ ఆపాడు.
సంచీని నింపాదిగా మంచుగడ్డల మీద
బోర్లించాడు.
"ప్రతి శనివారం ఇంతే.
ఆల్చిప్పలు ఆవిడకి పడవు.
డబ్బు తిరిగిస్తే తీసుకోదు."