కొసరు

మే నెల. బయట బాలానగర్ నలభై రెండు డిగ్రీలు.
మా గదిలో ఇరవై. పగలూ రాత్రీ ఇరవై.
ఎండకు ఇనుము ఒళ్లు విరుచుకుంటుంది,
అందుకని దానికి చలి,
మాకు స్వెట్టర్లు.

చేరిన రోజే జహీరుద్దీన్ సార్
నా జడలోంచి ఒక వెంట్రుక ఇమ్మని
మైక్రోమీటరు దవడల మధ్య బిగించి
చదవమన్నాడు. డెబ్బై రెండు మైక్రాన్లు.
"వెంట్రుకవాసిలో తప్పింది అంటారు చూడు,
ఆ సందులో ఇక్కడ లారీ తిరుగుతుంది" అన్నాడు.
ఇంకోటి కూడా అన్నాడు:
"అంకె వేసి చేతులు దులుపుకోకు.
పక్కన ప్లస్ ఆర్ మైనస్ పెట్టు.
నీకు తెలియనిది ఎంతో
అదీ కొలిచి రాశాకే సంతకం."

అప్పట్నుంచి నాతో ఇంట్లోవాళ్లకు కష్టమే.
అమ్మ చిటికెడు అంటే ఎవరి చిటికెడు అంటాను.
బాచుపల్లిలో నూట యాభై గజాలు కొన్న చిన్నాన్నతో
టేపు వదులుగా పట్టావని గొడవపడ్డాను.
నానమ్మ మానెడు, అడ్డెడు అని బియ్యం లెక్క చెబితే
ఏ ఊరి మానిక అని అడిగాను.
"నువ్వు తినే ఊరిది" అంది.

తాత పాట్ మార్కెట్లో కంసాలి.
ఆయన తూచిన గురిగింజలు
ఖాళీ జిందా తిలిస్మాత్ సీసాలో పదకొండు మిగిలాయి.
ఒక శనివారం తెచ్చి పక్క గదిలో త్రాసు మీద
ఒక్కొక్కటే పెట్టాను.
నూటపద్దెనిమిది మిల్లీగ్రాములు. నూటఇరవయ్యారు. నూటతొమ్మిది.
ఏ రెండూ కలవలేదు.
అయినా ఎంత ఎర్రగా, ఎంత ధీమాగా మెరుస్తున్నాయో,
కింద నలుపు సంగతి తెలియనట్టే.
వీటితో తాత ఎవరి పుస్తెలు తూచాడో,
ఎవరికి మిగిలిందో, ఎవరికి తరిగిందో,
ఆ లెక్క ఏ రిజిస్టర్లోనూ లేదు.

సాయంత్రం మెట్రో మెట్ల కింద బాలనర్సవ్వ.
మూర నలభై.
మోచేతి మొన నుంచి నడిమివేలి కొస దాకా
దండ సాగుతుంది.
కొస లేదు.
ఎప్పుడో ఇక్కడి షెడ్డులోనే, పవర్ ప్రెస్సు కింద
ఒక గణుపు పోయింది.
ఏడాదిగా కొంటున్నాను, నిన్ననే చూశాను.
చూడటమే నా ఉద్యోగం.

చూడగానే లెక్క దానంతటదే నడిచింది:
రెండు సెంటీమీటర్ల నాలుగు మిల్లీమీటర్లు తక్కువ,
నూటికి అయిదున్నర,
ఏడాదికి ఎన్ని మూరలు...
కిరాణా త్రాసుకు ముద్ర లేకుంటే జరిమానా వేస్తారు,
మూరకు ముద్ర ఎక్కడ కొడతారు, మోచేతి మీదా?
సిగ్గు తర్వాత వచ్చింది.

అవ్వ దారం తెంపలేదు.
మొండి వేలు దాటించి
నాలుగు మొగ్గలు ముందుకు జరిపి ఆగింది.
"కొసరా, అవ్వా?"
"కొసరు గాదు బిడ్డా. గది నా ఏలుది."
ఇంకో రెండు మొగ్గలు జరిపింది.
"కొసరు, ఇగో."
అప్పుడు తెంపింది.

ఈ ఉదయం నా బల్ల మీదికి ఒక వెర్నియర్ వచ్చింది.
దవడలు మూస్తే సున్నా దగ్గర ఆగదు,
ఒక గీత దాటి నిలబడుతుంది.
సర్టిఫికెట్లో "సవరణ" అని ఒక గడి ఉంటుంది.
ఇన్నాళ్లూ దాన్ని నింపాను,
చదవలేదు.

జడలో నిన్నటి మల్లెలు, సగం వాడినవి.
గోడ మీద తేమ మీటరు
ఒక అంకె పైకి జరిగింది,
పూలవల్లో, నా ఊపిరివల్లో.
జహీరుద్దీన్ సార్ చూశాడు.
పూలు బయట పెట్టమనలేదు.
రిజిస్టర్లో కొత్త అంకె వేసి,
పక్కన ప్లస్ ఆర్ మైనస్ పెట్టి,
కాసేపు పెన్ను అలాగే పట్టుకున్నాడు.