తొట్టి దాకా

బిట్రగుంట దాటిన గూడ్సు కూత
షెడ్డు రేకుల్ని ఒకసారి వణికించి పోయాక
లెక్క మొదలుపెడతాను.
ముప్పై రెండు ఆవులు. పడుకున్నవి తొమ్మిది.
తక్కినవన్నీ నిలబడే ఉన్నాయి,
ఆఖరి బస్సు తప్పిపోయిన వాళ్లలా.

కొత్త లైట్లు వేయించి ఈ పొద్దుకి ఆరు రాత్రులు.
"వెలుగుంటే మేస్తాయి, మేస్తే ఇస్తాయి" అన్నాడు
మా మాలకొండారెడ్డి.
నడిరేయి కూడా
పేడలో జొన్నగింజ కనపడేంత తెలుపు.

చుక్కల లేచింది.
ఐదు ఈతల ఆవు. చెవి బిళ్ల నూట నలభై ఏడు.
ఎడమ వెనక గిట్ట కాస్త వంకర.
చీకట్లో మంచం మీంచే పోల్చుకునేవాణ్ణి దాని నడక:
టక్, టక్, టక్, కొంచెం ఆగి, టప్.
ఇప్పుడా చప్పుడు
సగం దారిలో నిలిచిపోతోంది.

ఇనుప స్తంభం నీడ
నేల మీద అడ్డంగా పడి ఉంది.
నీడేనని నాకు తెలుసు.
గొయ్యి కాదని దానికెవరు చెప్పాలి?
మూతి దించి వాసన చూసింది.
బుస్సున ఊదింది.
ముందుకాలు ఎత్తి, మళ్లీ ఎత్తిన చోటే పెట్టింది.
అవతల తొట్టి నిండా నీళ్లు. రోహిణి కార్తె.
వెనక ఇంకో నాలుగు, వరసగా,
ఒకదాని తోక మీద ఒకటి గడ్డం ఆనించి.

తోలొచ్చు. కర్ర చేతిలోనే ఉంది.
హెయ్ అంటే దూకుతుంది, దూకితే జారుతుంది.
మొన్న నూట ముప్పై అట్లాగే జారి
రెండు రోజులు పాలు చేపలేదు.

రొయ్యల గుంటల కాడ మూడేళ్లు
ఇట్లాంటి లైట్ల కిందే కాపలా కాశాను నేను.
అన్నం ముందు కూర్చుని
ఇది పగటి ముద్దో రాత్రి ముద్దో తెలీక
చెయ్యి కదలని రోజులున్నాయి.

స్విచ్చి దించేశాను.
చీకటి దబ్బున పడింది.
ఒక్క గిట్టా కదల్లేదు.
అంత తెలుపు తాగిన కళ్లకి
ఈ నలుపు ఇంకో గోడ.
నేనే బకెట్ తన్నుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, పాలు కొలిచే గదిలో
పెంచలకోన నరసింహస్వామి పటం ముందున్న
ఎర్ర జీరో బల్బు.
"ఒక్క రాత్రికి సామీ" అని విప్పాను.
వేళ్లు చురుక్కుమన్నాయి.
మోటారు పక్క హోల్డర్లో బిగించాను,
తొట్టికి జానెడు పైన.

ఆకువక్క నమిలిన నోరంత ఎరుపు.
నేల మీద ఏ గీతా లేదు.
బీడీ తీశాను గానీ వెలిగించలేదు,
అగ్గిపుల్ల కూడా ఎక్కువేమోనని.

టక్.
టక్.
టక్. కొంచెం ఆగి,

టప్.

ఆ తర్వాత చాలాసేపు
నీళ్లు తాగే చప్పుడే.

పొద్దున్నే రెడ్డి వస్తాడు,
"లైట్లెవురు ఆర్పింది మస్తానూ?" అంటాడు.
దేవుడి ముందు చీకటేందని వాళ్లమ్మ అడుగుతుంది.
ఏదో ఒకటి చెప్పాలి.
ఒట్టి బీడీ చెవిన పెట్టుకుని
మళ్లీ లెక్కేస్తున్నాను, ఈసారి చెవులతో.
పడుకున్నవి ఇరవై రెండు,
నెమరేస్తూ నూట నలభై ఏడు,
ఇరవై మూడు.